మాటకో తోక

డాక్టర్ రామచంద్ర పంపిన మెసేజి రెండే రెండు ముక్కలు. "నాలుగింటికి వస్తున్నాను. వీణతో మాట్లాడాలి."

ముందు నమస్కారం లేదు, వెనక చిరునవ్వు బొమ్మ లేదు. ఈ టూవూంబా ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరికీ పుట్టినరోజు నాడు వరసగా కేకు బొమ్మలు పంపే మనిషి ఆయన. బాలమురళి ఆ రెండు ముక్కల్నీ ఫోన్లో పైకీ కిందకీ జరిపి చూశాడు, మూడో ముక్క ఎక్కడైనా దాక్కుందేమోనని.

"కోపంగా ఉన్నారంటావా అమ్మా?"

"కోపం లేనోడు శనారం పూట ఇంటికొచ్చి మాట్లాడతానంటాడంట్రా? ఫోన్లోనే అడుగుతాడు" అంది భ్రమరాంబ, సోఫా మీద వెల్లకిలా పడుకునే.

ఆవిడ పడుకున్నది నడుం నొప్పితో కాదు. ప్రస్తుతం ఆవిడ మిసెస్ థామ్సన్. కోడలు వీణ వచ్చే వారం అడిలైడ్ వెళ్ళి చేతలతో చేసి చూపించాల్సిన పరీక్షకి ఇంట్లో ఒక రోగి కావలసి వచ్చింది. కొడుకు రెండు నిమిషాలు పడుకుంటే నిద్రపోతాడు కాబట్టి ఆ పాత్ర అత్తగారికి దక్కింది.

కంప్యూటరు మీద రాసే మొదటి పరీక్ష వీణ గట్టెక్కింది. ఈ రెండోది కూడా అయితేనే ఈ దేశంలో నర్సు. గుంటూరులో నాలుగేళ్ళు చదివిన బీఎస్సీ నర్సింగు అంతదాకా పెట్టెలో ఉండాల్సిందే. అందాకా ఆమె వృద్ధుల హోములో కేరర్. ముసలివాళ్ళకి స్నానం చేయించవచ్చు, తినిపించవచ్చు, తల దువ్వవచ్చు. మందుబిళ్ళ ఇవ్వకూడదు, సూది ముట్టకూడదు, నేను నర్సునని నోటితో అనకూడదు. ఏం జరిగినా డ్యూటీ నర్సుకి చెప్పాలి.

"కానియ్యవే, మెడ పట్టేస్తంది" అంది మిసెస్ థామ్సన్.

వీణ వచ్చి చేతులు కడుక్కున్నట్టు నటించింది. పేరడిగింది, పుట్టినతేదీ అడిగింది. భ్రమరాంబ బట్టీ పట్టిన ఇంగ్లీషులో జవాబులు చెప్పింది. మిసెస్ థామ్సన్ నరసరావుపేటలో పుట్టి ఉంటే అచ్చం అలాగే మాట్లాడేది.

"ఆర్ యూ హావింగ్ ఎనీ పెయిన్, మిసెస్ థామ్సన్? ఎనీ..."

అక్కడ ఆగింది. తర్వాతి మాట 'హెవీనెస్'. ఛాతీలో బరువుగా ఏమైనా ఉందా అని అడగాలి. ఇన్నాళ్ళూ నీళ్ళు తాగినట్టు అడిగిన ప్రశ్న శుక్రవారం పొద్దుట్నుంచీ గొంతు దాటడం లేదు.

"ఎనీ హెవీనెస్" అని రోగే అందించింది.

వీణ సోఫా పక్కన నేలమీద కూలబడి ఏడ్చేసింది.

గురువారం జరిగింది చెప్పాలంటే అరనిమిషం చాలు. హోములో ఉన్న ఒకే ఒక్క తెలుగావిడ శారదాంబ. డాక్టర్ రామచంద్ర తల్లి. తుంటి ఎముక విరిగాక కొడుకే చేర్పించాడు. పెద్దతనంలో ఇంగ్లీషు ఆవిణ్ణి వదిలేసి పోయింది, తెలుగు మిగిలింది. ఆ మధ్యాహ్నం అన్నం వద్దని పక్కకి నెట్టేసి, "గుండె బరువుగా ఉందే అమ్మా" అంది. డ్యూటీ నర్సు మెగన్ అటుగా వెళుతూ ఏమంటోందని అడిగింది. వీణ చెప్పింది. మెగన్ అయ్యో పాపం అని, పెద్దావిడ భుజం నిమిరి, టీ పంపించింది. వీణ షిఫ్టు అయిపోయి ఇంటికొచ్చింది. సాయంత్రం శారదాంబకి చెమటలు పట్టి ఊపిరి అందకపోతే అంబులెన్సు పిలిచారు. గుండెపోటు.

ఆ రోజు పనిలో ఉన్నవాళ్ళందరినీ సోమవారం మీటింగుకి రమ్మంది మేనేజరు ట్రేసీ. వీణ తప్పు చెప్పిందని తేలితే ఉద్యోగం ఒక్కటే పోతుందా, నర్సుగా రిజిస్ట్రేషన్ ఇచ్చేవాళ్ళ దాకా కూడా వెళుతుందా అన్నది ఎవరికీ తెలియదు. బాలమురళి ఇంటర్నెట్లో వెతికాడు. ఒకచోట వెళుతుందన్నారు, ఇంకోచోట వెళ్ళదన్నారు. పైగా వీణని ఆ హోములో పెట్టించిందీ, ఆమె మంచిదని పూచీ పడిందీ డాక్టర్ రామచంద్రే.

బాలమురళి ఉద్యోగం సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టడం. అందుకని భార్య జవాబుని కూడా అలాగే పరీక్షించడం మొదలుపెట్టాడు.

"ఏడుపాపి ఇటు చూడు. అంకుల్ వచ్చేలోపు ఒక్కసారి ప్రాక్టీస్ చేద్దాం. ఆవిడ ఏమంది?"

"గుండె బరువుగా ఉంది అంది."

"నువ్వేం చెప్పావ్?"

"హర్ హార్ట్ ఈజ్ హెవీ అన్నాను."

"సూపర్. అక్కడ స్టాప్. మక్కీకి మక్కీ చెప్పావ్. ఇంగ్లీషులో కూడా హార్ట్ హెవీ అంటే బాధగా ఉందనే మీనింగ్. మెగన్ అలా తీసుకుంటే అది నీ ప్రాబ్లమా, ఇంగ్లీషు ప్రాబ్లమా? నువ్వు కేరర్‌వి. అసెస్ చెయ్యడం నీ జాబే కాదు."

వీణ అతని వైపే చూస్తోంది.

"ఏంటలా చూస్తావ్? అంతేగా?"

"అంతే కాదు."

"మరి?"

"ఇంకో ముక్క కూడా అన్నాను. షీ ఈజ్ మిస్సింగ్ హర్ సన్ అన్నాను."

"ఆవిడ అందా ఆ మాట?"

"లేదు."

భ్రమరాంబ సోఫా మీద లేచి కూర్చుంది. బాలమురళి ఫోను బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"మరెందుకన్నావ్?"

"తెలీదండీ. డాక్టర్ గారు కొన్ని ఆదివారాలుగా రావట్లేదు. ఆవిడ పొద్దుట్నుంచీ కార్లు ఆగే వైపే చూస్తోంది. నేను అదే అనుకున్నా. గుండె బరువంటే ఇంకేం అనుకుంటాం మనం?"

"చెయ్యి ఎక్కడ పెట్టుకుందో గుర్తు తెచ్చుకో. గుండె మీద పెట్టుకుందా?"

అదే కదా పెద్ద తిప్పలు. శారదాంబ మెడలో ఒంటిపేట గొలుసు ఉంటుంది. ఆ గొలుసు పట్టుకుని ఆడించడం ఆవిడకి అలవాటు. వీణ కళ్ళు మూసుకుంటే ఒకసారి ఆ చెయ్యి గొలుసు మీద ఉంటుంది. ఇంకోసారి గొలుసు కింద, రొమ్ము మీద అదిమిపెట్టి ఉంటుంది. మూడోసారి ఒళ్ళో ఉంటుంది. ఏది చూసిందో, ఏది తర్వాత కల్పించుకుందో ఆమెకే అంతుపట్టడం లేదు.

"నేనైనా అట్టాగే అనుకుందును" అంది భ్రమరాంబ. "మా అమ్మ కడుపు మండిపోతందే, కడుపు మండిపోతందే అని యాడాది పొడుగునా అనింది. మా వదిన మీద కోపం అనుకున్నాం. అన్న వేరు కాపరం కూడా పెట్టాడు. తీరా చూస్తే కడుపులో పుండు."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఊరుకోక ఏం చేస్తున్నా? మిసెస్ థామ్సన్ అంట, ఆవిడకి ఎక్కడ నొప్పి, ఎట్టా నొప్పి, ఎంత నొప్పి అని ఈ పిల్ల రోజూ నా ప్రాణం తీస్తందిగా. ఆ ముసలమ్మని మాత్రం ఒక్క మాట అడగలా. ఎందుకే? తెలుగులో చెప్పిందనా?"

ఆవిడ దెప్పాలని అన్నది కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అందుకే వీణకి సూటిగా తగిలింది. ఇంగ్లీషులో ఎవరైనా చెస్ట్ అంటే చాలు, ఆమెలో నర్సు లేచి నిలబడుతుంది. గుండె అంటే మాత్రం పెద్దమ్మలూ పిన్నమ్మలూ గుర్తొచ్చారు.

"సరే, ఆ సెకండ్ సెంటెన్స్ ఎవరికీ చెప్పకు" అన్నాడు బాలమురళి. "మెగన్‌కి గుర్తుండదు."

"గుర్తుంటే?"

"అప్పుడు చూద్దాం."

"రోగి అన్నదే చెప్పు, నువ్వు అనుకున్నది చెప్పకు అంటారు. పరీక్షకి నేర్చుకునేదే అదండీ. అది తప్పానని దాచిపెట్టి ఆ పరీక్షకే వెళ్ళమంటారా?"

"వెళ్ళకపోతే ఏం చేస్తావ్? ఇంకో రెండేళ్ళు డయపర్లు మారుస్తావా?"

అన్నాక అతనికే ఆ మాట చేదుగా అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. వీణ లేచి వెళ్ళి వంటింట్లో కుళాయి తిప్పి ఊరికే నిలబడింది.

నర్సు కాకపోతే ఈ తప్పు తనది కాదు. మాట మోసింది, అంతే. మరి ఈ కుమిలిపోవడం ఎందుకు? పోనీ నర్సే అయితే రెండో ప్రశ్న ఎందుకు అడగలేదు? రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో పాఠం చెప్పకుండానే బోధపడింది.

వెనకాలే వచ్చిన భ్రమరాంబ కుళాయి కట్టేసి పాలు పొయ్యి మీద పెట్టింది. "బిళ్ళ ఇయ్యగూడదు, సూది ముట్టగూడదు. మాటలో తప్పొస్తే మాత్రం శిచ్చ నర్సుకి పడ్డట్టే పడిద్దా? ఇదెక్కడి న్యాయమే?" అని పాలగిన్నెని అడిగింది.

*

నాలుగు కాకముందే డాక్టర్ గారి కారు వచ్చింది. కొండ మీది ఊరు, పైగా ఇక్కడ ఆగస్టంటే చలికాలం. అయినా ఆయన ఒంటి మీద పల్చటి చొక్కా ఒక్కటే ఉంది. గడ్డం గీసుకోలేదు. వచ్చి గుమ్మంలో బూట్లు విప్పడం కూడా మరిచిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరి జ్వరాలూ దగ్గులూ చూస్తున్న ఆ మనిషిని అంత నలిగి ఉండగా వాళ్ళెప్పుడూ చూడలేదు.

"బామ్మగారికి ఎలా ఉంది అంకుల్?" అంది వీణ.

"స్టెంట్ వేశారు. అవుట్ ఆఫ్ డేంజర్. ఇవాళ వార్డుకి మార్చారు." కూర్చున్నాడు. భ్రమరాంబ పెట్టిన కాఫీ వైపు చూడలేదు. "వీణా, గురువారం అమ్మ నీతో ఏమందమ్మా? మెగన్ చెప్పింది కాదు. అమ్మ నోటి మాట. ఎగ్జాక్ట్‌గా."

"అంకుల్, వీణ వర్డ్ టు వర్డ్ ట్రాన్స్‌లేట్ చేసింది" అన్నాడు బాలమురళి. "తన సొంతంగా ఏం యాడ్ చెయ్యలేదు."

ఏదో కలిపావని ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. భ్రమరాంబ కొడుకు వైపు గుర్రుగా చూసింది.

"నేను తననడిగాను మురళీ."

వీణ గోడకి ఆనుకుని నిలబడింది. "'గుండె బరువుగా ఉందే అమ్మా' అన్నారు అంకుల్."

"ఎందుకట?" అన్నాడాయన.

వెంటనే, ఆలోచించకుండా, ఏ కొడుకైనా అడిగినట్టే అడిగాడు. అడిగాక అలా నోరు తెరుచుకునే ఉండిపోయాడు. ఆయన మొహం నెమ్మదిగా పాలిపోవడం ముగ్గురూ చూశారు.

"ఎక్కడ అనడగాలి" అన్నాడు చివరికి, తనలో తను. "ఎందుకు అనడిగాను."

ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని వీణకి తెలిసింది. భర్త వైపు చూస్తే ధైర్యం పోతుందని చూడలేదు.

"నేను కూడా అడగలేదు అంకుల్. మెగన్‌కి హర్ హార్ట్ ఈజ్ హెవీ అని చెప్పాను. అక్కడితో ఆపలేదు. షీ ఈజ్ మిస్సింగ్ హర్ సన్ అని కూడా అన్నాను. అది బామ్మగారు అనలేదు. నేను తగిలించిన తోక."

బాలమురళి తల పట్టుకున్నాడు. భ్రమరాంబ కాఫీ గ్లాసు మీద మూత పెట్టింది, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి.

రామచంద్ర కోప్పడతాడనుకున్నారు. ఆయన చాలాసేపు తన బూట్లనే చూసుకున్నాడు. ఇంట్లోకి వేసుకొచ్చానని అప్పుడే గమనించినట్టున్నాడు. వంగి లేసులు విప్పబోయి మానేశాడు.

"ఆ రోజు పొద్దున నాకు ఫోన్ చేసింది" అన్నాడు. "ఇదే మాట. గుండె బరువుగా ఉందిరా అంది. ఈ సండే తప్పకుండా వస్తాలే అమ్మా అన్నాను. అని పెట్టేశాను. ఎదురుగా పేషెంట్ ఉన్నాడు. అతనికి చెస్ట్‌లో బరువుగా ఉందన్నాడు, వెంటనే ఈసీజీ తీయించాను."

ఇన్నాళ్ళూ ఊరందరి గుట్టూ కడుపులో పెట్టుకున్న మనిషికి, తన గుట్టు చెప్పుకోవడానికి ఈ ఇల్లు దొరికింది. వీణకి జాలేసింది. ఆ జాలి వెనకే, సిగ్గు లేకుండా, హమ్మయ్య అనిపించింది. తనొక్కతే కాదు.

"అయితే అంకుల్, మండే మీటింగ్‌లో మీరు ఆ ఫోన్ కాల్ సంగతి..." అని బాలమురళి మొదలెట్టాడు.

"ఒరే" అంది భ్రమరాంబ. అంతటితో ఆగాడు.

డాక్టర్ లేచాడు. "అమ్మకి తెలివి బాగానే ఉంది. నాతో మాట్లాడటం లేదు. గోడ వైపు తిరిగి పడుకుంటోంది. పొద్దుట్నుంచీ ఒకటే మాట, నర్సు పిల్లని తీసుకురా అని. నువ్వు రా వీణా. ఆ రోజు అది ఏ బరువో నువ్వు అడుగు. నేను అడగలేను."

"మీటింగ్ కాకుండా ఫ్యామిలీని కలవచ్చో లేదో!" అన్నాడు బాలమురళి, గొంతు తగ్గించి. "ఆగు వీణా. ప్లీజ్. రేపెవరైనా నువ్వెళ్ళి ఆవిడతో చెప్పించుకున్నావంటే?"

అతను అన్నదీ తప్పు కాదు. వీణ అత్తగారి వైపు చూసింది.

"నా వైపు చూడబాకు" అంది భ్రమరాంబ. "నాకు మిసెస్ థామ్సన్ సంగతులే తెలుసు."

వీణ కోటు తగిలించుకుంది. బాలమురళి గుమ్మం దాకా వచ్చి, ఆమె వంటింట్లో మరిచిపోయిన ఫోను చేతిలో పెట్టాడు.

*

డాక్టర్ గారి కారులోనే బయల్దేరారు. ఆసుపత్రి ఎంతో దూరం లేదు. ఆ కాస్త దారిలోనే వీణ తన మనసులో ఏం నడుస్తోందో గమనించి హడలిపోయింది. దేవుడా, ఆవిడకి ఆ రోజు నిజంగా బాధే అయి ఉండాలి. కొడుకు మీద బెంగే అయి ఉండాలి. అలా అయితే తోక తనది అయినా మాట నిజమే. అడిలైడ్ వెళ్ళవచ్చు.

ఒక ముసలావిడ ఏడ్చి ఉండాలని మొక్కుకుంటోంది!

పక్కనున్నాయన ఏం మొక్కుకుంటున్నాడో ఆమెకి తెలుస్తూనే ఉంది. నొప్పే అయి ఉండాలని. డాక్టరుగా ఒక రోగాన్ని కనిపెట్టలేకపోయాడంటే భరించవచ్చు. కొడుకు కోసం ఎదురుచూసి ఎదురుచూసి అంతపనైందంటే ఎలా భరిస్తాడు? ఇద్దరూ ఒకే మంచం దగ్గరకి, చెరో జవాబు కోరుకుంటూ వెళుతున్నారు.

వార్డులో శారదాంబ కిటికీ పక్క మంచం మీద ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మెడలో గొలుసు లేదు, తీసి సంచిలో పెట్టినట్టున్నారు. మంచం దగ్గర బీపీ చూస్తున్న కుర్రనర్సు వీణని పలకరించింది. ఫ్యామిలీనా అని అడిగింది. కాదంది వీణ. ఇంటర్‌ప్రెటరా అంది. కాదంది. నర్సా అంది.

"నో" అంది వీణ.

"నర్సు పిల్ల వచ్చిందా?" అంది శారదాంబ కళ్ళు తెరవకుండానే.

వీణకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నన్నిక్కడ అలా పిలవకూడదు బామ్మగారూ అని ఆవిడకి ఎన్నోసార్లు చెప్పింది. ఆవిడ ఎన్నోసార్లు సరేనంది. కుర్చీ జరుపుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. రామచంద్ర మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. రోగుల మంచాల దగ్గర నిలబడటం తెలిసిన మనిషే. ఇవాళ మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కమ్మీని పట్టుకున్నాడు.

"ఎలా ఉంది బామ్మగారూ?"

"కాస్త తేలికైందే అమ్మా."

కుర్రనర్సు బీపీ పట్టీ విప్పుతూ, ఏమంటోందావిడ అని అడిగింది.

వీణ నోరు తెరిచింది. "షీ ఫీల్స్..." అని మొదలుపెట్టింది. అక్కడ నాలిక కరుచుకుంది. ఏం తేలికైంది? ఎక్కడ తేలికైంది? మళ్ళీ అదే గొయ్యి, మళ్ళీ అదే కాలు. "వన్ మినిట్ ప్లీజ్" అని నర్సుకి చెప్పి పెద్దావిడ వైపు తిరిగింది.

"ఎక్కడ తేలికైంది బామ్మగారూ? చెయ్యి పెట్టి చూపించండి. గురువారం బరువుగా ఉందన్నారే, అది ఎక్కడో కూడా చూపించండి."

గురువారం అడగాల్సిన మాట శనివారం అడిగింది. అయినా అడిగింది.

శారదాంబ కళ్ళు తెరిచింది. సూది గుచ్చి టేపు వేసిన చెయ్యి నెమ్మదిగా లేచింది. అలవాటు చొప్పున మెడ దగ్గరకి వెళ్ళి, గొలుసు కోసం తడుముకుని, దొరక్క, అక్కడే గుండె మీద వాలింది. వీణ ముందుకి వంగింది. కమ్మీ మీద రామచంద్ర వేళ్ళు బిగుసుకున్నాయి.

చెయ్యి అక్కడ నిలవలేదు. మళ్ళీ లేచి, మంచం కాళ్ళవైపుకి వేలు చూపించింది.

"ముందు వాణ్ణి బయటికి పొమ్మను. తరవాత చెబుతా."

ఆ మాట ఆయనకి ఎవరూ తర్జుమా చేసి పెట్టక్కర్లేదు. కమ్మీ వదిలి, తలుపు వైపు నడిచాడు.

కుర్రనర్సు వెళుతున్న ఆయన్నీ మంచం మీదావిణ్ణీ మార్చి మార్చి చూసి, ఏమైంది, ఏమందావిడ అని మళ్ళీ అడిగింది.

"ఫస్ట్ సెండ్ హిమ్ అవుట్. దెన్ ఐ విల్ టెల్" అంది వీణ.

ఈసారి తోక తగిలించలేదు.